బ్రెగ్జిట్ ఒప్పందం చేతిలో ఉండగా బ్రిటన్ పార్లమెంటు ఎందుకు ఇరుక్కుపోయింది?

2016లో జనం యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి రమ్మన్నారు. 2018 నవంబరుకల్లా ఒప్పందమూ కుదిరింది. అయినా పార్లమెంటు దాన్ని మూడుసార్లు ఎందుకు తోసిపుచ్చింది, అధికార పార్టీ విప్ జారీ చేస్తే పని అయిపోయేది కదా, అదీ కాకపోతే మళ్లీ జనాన్నే అడగొచ్చు కదా అన్నది ప్రశ్న. ఎంపీలు మొండికేశారనో, అప్పటి ప్రధాని థెరెసా మేకి చేతకాలేదనో చెప్పేస్తే సులువుగా తేలిపోతుంది గానీ అది సరైన జవాబు కాదు. సభ నిబంధనలు, సీట్ల లెక్క, ఐర్లాండ్ సరిహద్దు కలిసి వేసిన ముడి అది. ఎక్కడెక్కడ పడిందో చూస్తే ఎలా విడిందో కూడా అర్థమవుతుంది.

ముందు విప్ సంగతి. మన దగ్గర 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. అందుకే ప్రభుత్వానికి మెజారిటీ ఉందంటే బిల్లు గట్టెక్కినట్టేనని మనకు అలవాటైపోయింది. బ్రిటన్‌లో అలాంటి చట్టం లేదు. ధిక్కరించిన ఎంపీని పార్టీ బయటికి పంపగలదు, పదవి ఇవ్వకుండా ఉండగలదు, వచ్చే ఎన్నికల్లో టికెట్ ఆపగలదు. సీటును మాత్రం ముట్టుకోలేదు. 2019 సెప్టెంబరు 3న తమకు ఎదురు ఓటేసిన 21 మంది సొంత ఎంపీలను అధికారంలో ఉన్న కన్జర్వేటివ్ పార్టీ ఒక్కసారిగా దూరం పెట్టింది. వాళ్లంతా సభలో కూర్చునే ఉన్నారు, ఓటేస్తూనే ఉన్నారు. మంత్రి పదవి మీద ఆశ లేని ఎంపీని, నియోజకవర్గంలో కార్యకర్తలు తన వెంటే ఉన్నారని నమ్మకమున్న ఎంపీని విప్ కదిలించలేదు. బ్రెగ్జిట్ విషయంలో ఆ పార్టీలో అలాంటివాళ్లు పదుల సంఖ్యలో ఉన్నారు.

ఇక సీట్లు. సభలో 650 మంది. స్పీకరు, ముగ్గురు డిప్యూటీలు ఓటెయ్యరు. ఉత్తర ఐర్లాండ్‌లో గెలిచిన షిన్ ఫేన్ సభ్యులు ఏడుగురు లండన్ పార్లమెంటులో కూర్చోరు, అది ఆ పార్టీ పాత విధానం. మిగిలింది 639, అంటే గెలవడానికి 320 కావాలి. 2017 జూన్ 8న మే తనకు ఉన్న మెజారిటీని పెంచుకుందామని ముందస్తు ఎన్నికలకు వెళ్లి, ఉన్నదీ పోగొట్టుకున్నారు. స్పీకరును పక్కన పెడితే కన్జర్వేటివ్‌లకు వచ్చింది 317. ఉత్తర ఐర్లాండ్‌కే పరిమితమైన డెమొక్రటిక్ యూనియనిస్ట్ పార్టీ, అంటే డీయూపీ, తన పది సీట్లతో బయటి నుంచి మద్దతిచ్చింది. బదులుగా ఉత్తర ఐర్లాండ్‌కు 100 కోట్ల పౌండ్ల అదనపు నిధులు వెళ్లాయి. ఓటెయ్యని డిప్యూటీల్లో ఒకరు కన్జర్వేటివ్ కాబట్టి, ఆ పదితో కలిపి ప్రభుత్వానికి ఓటేసేవారు 326, ఎదుటి పక్షం 313. ఏడుగురు అటు తిరిగితే చాలు, ప్రభుత్వం ఓడిపోతుంది. పైగా ఆ పదిమంది ఓట్లున్న పార్టీ, బ్రెగ్జిట్‌లో అన్నిటికన్నా చిక్కు సమస్య ఉన్న ప్రాంతానిదే.

ఆ చిక్కు ఐర్లాండ్ సరిహద్దు. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం, దక్షిణాన ఉన్న ఐర్లాండ్ ఈయూ సభ్యదేశం. మధ్యన దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు. దశాబ్దాల హింస తర్వాత 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత ఆ గీత మీద సైనిక చౌకీలు పోయాయి. ఉమ్మడి మార్కెట్ వల్ల కస్టమ్స్ తనిఖీలు అంతకు ముందే పోయాయి. పొలం ఒకవైపు, పాల కేంద్రం మరోవైపు ఉన్న రైతులు అక్కడ మామూలే. ఇప్పుడు బ్రిటన్ వేరే సుంకాలు, వేరే ఆహార ప్రమాణాలు పెట్టుకుంటే సరుకును ఎక్కడో ఒకచోట ఆపి చూడాల్సిందే.

మే ప్రభుత్వం మూడు మాటలు ఇచ్చింది. ఒకే నియమాలతో సరుకులు తిరిగే సింగిల్ మార్కెట్ నుంచి, బయటి సరుకు మీద ఒకే సుంకం వేసే కస్టమ్స్ యూనియన్ నుంచి మొత్తం దేశం బయటికి వస్తుందని 2017 జనవరి 17న లాంకాస్టర్ హౌస్ ప్రసంగంలో చెప్పారు. ఐర్లాండ్ భూసరిహద్దు మీద తనిఖీలు ఉండవని 2017 డిసెంబరులో ఈయూకి రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఉత్తర ఐర్లాండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య సముద్రం మీద కూడా అడ్డు ఉండదని డీయూపీకి హామీ ఇచ్చారు. ఏ రెండు మాటలైనా నిలబెట్టుకోవచ్చు. మూడూ కలిపి నిలబెట్టుకోవడం సాధ్యం కాదు. ఆ తర్వాత రెండేళ్లు జరిగిన ఓటింగులు, రాజీనామాలు, కోర్టు కేసులు అన్నీ ఈ మూడింటిలో ఏది వదులుకోవాలన్న దాని చుట్టూ తిరిగినవే.

585 పేజీల ఉపసంహరణ ఒప్పందంలో బాకీల లెక్క, పౌరుల హక్కులు, 2020 చివరిదాకా పాత నియమాలే నడిచే మార్పు దశ వంటివి ఉన్నాయి. వాటి మీద పేచీ తక్కువే. గొడవంతా బ్యాక్‌స్టాప్ అనే ఏర్పాటు మీద. మార్పు దశ ముగిసేలోపు సరిహద్దును తెరిచి ఉంచే వేరే వాణిజ్య ఏర్పాటు కుదరకపోతే, బ్రిటన్ మొత్తం ఈయూతో ఒకే కస్టమ్స్ ప్రాంతంగా ఉండిపోతుంది. ఉత్తర ఐర్లాండ్ అదనంగా సరుకుల విషయంలో సింగిల్ మార్కెట్ నియమాలు కూడా పాటిస్తుంది. బ్రిటన్ ఒక్కటే అనుకుని ఇందులోంచి బయటపడలేదు. అటార్నీ జనరల్ జెఫ్రీ కాక్స్ మంత్రివర్గానికి ఇచ్చిన సలహాలో ఇదే రాశారు. ఆ సలహాను దాచినందుకు 2018 డిసెంబరు 4న ప్రభుత్వం సభాధిక్కారానికి పాల్పడిందని సభ తీర్మానించింది, మర్నాడే సలహా బయటికొచ్చింది. దాంతో ఒప్పందం ఒకేసారి రెండు వైపులా శత్రువులను కొనితెచ్చుకుంది. గట్టి బ్రెగ్జిట్‌వాదులు, అంటే యూరోపియన్ రీసెర్చ్ గ్రూపు ఎంపీలు, ఇది శాశ్వతంగా ఈయూ సుంకాలకు కట్టిపడేస్తుందన్నారు. డీయూపీ ఇది తమ ప్రాంతాన్ని మిగతా బ్రిటన్ నుంచి విడగొడుతుందన్నది. ఈయూలో ఉండాలనుకునేవారికి అసలు ఏ నిష్క్రమణ ఒప్పందమూ నచ్చదు.

ఇక్కడ చట్టం సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. 2018 నాటి నిష్క్రమణ చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం, కామన్స్ సభ, అంటే ఎన్నికైన ఎంపీల దిగువ సభ, తీర్మానం ద్వారా ఆమోదించకుండా ప్రభుత్వం ఒప్పందాన్ని ఖరారు చేయకూడదు. ఆ మెలిక పెట్టించడానికి దారి తీసిన కన్జర్వేటివ్ ఎంపీ డొమినిక్ గ్రీవ్ సవరణ 309-305తో గెలిచింది. అంటే సభ చేతికి వద్దనే అధికారం వచ్చింది. కానీ వద్దన్నాక ఏం చేయాలో ఎంచుకునే అధికారం దానితో రాలేదు. మరోవైపు ఈయూ ఒడంబడికలోని 50వ అధికరణం గడియారాన్ని నడిపిస్తోంది. 2017 మార్చి 29న మే నిష్క్రమణ లేఖ ఇచ్చారు, రెండేళ్లు గడిస్తే ఒప్పందం ఉన్నా లేకున్నా సభ్యత్వం దానంతటదే ముగుస్తుంది. పొడిగించాలంటే మిగిలిన 27 దేశాలూ ఒప్పుకోవాలి. ఏమీ చేయకపోతే ఏమవుతుంది అన్నదే ఏ ప్రతిష్టంభనలోనైనా మొదట చూడాల్సిన సంగతి. ఇక్కడ ఏమీ చేయకపోతే జరిగేది ఒప్పందం లేని నిష్క్రమణ, సభలో అత్యధికులు భయపడుతున్నది దానికే.

ఆ భయం తన ఒప్పందానికి ఓట్లు రాల్చి పెడుతుందని మే లెక్క. ఆ లెక్క తప్పింది, ఎందుకంటే గడువు దగ్గరపడే కొద్దీ మూడు వర్గాల్లో ప్రతి ఒక్కరికీ ఆగితేనే లాభం అనిపించింది. గట్టి బ్రెగ్జిట్‌వాదులకు, ఆగితే ఒప్పందం లేకుండానే బయటపడొచ్చు. ఈయూలో ఉండాలనుకునేవారికి, ఆగితే రెండో రెఫరెండం, అంటే ప్రజాభిప్రాయ సేకరణ, రావచ్చు. పైగా లేఖను బ్రిటన్ ఒక్కటే అనుకుని వెనక్కి తీసుకోవచ్చని ఈయూ న్యాయస్థానం 2018 డిసెంబరు 10న తీర్పిచ్చింది. ప్రధాన ప్రతిపక్షమైన లేబర్ పార్టీకి, ఆగితే ప్రభుత్వమే పడిపోవచ్చు. ముగ్గురి ఆశలూ ఒకేసారి నిజం కావు, కానీ ఏదీ అప్పటికింకా అసాధ్యం కాలేదు. ఎవరి ఆశా చావనంతసేపు రాజీకి ఎవరూ దిగరు.

2019 జనవరి 15న ఒప్పందం 202-432తో ఓడింది. 230 ఓట్ల తేడా, ఆధునిక కాలంలో ఏ ప్రభుత్వానికీ అంత పెద్ద ఓటమి లేదు. వ్యతిరేకించినవారిలో 118 మంది సొంత పార్టీవారే. మామూలు రోజుల్లో ప్రధాని మర్నాడే దిగిపోవాలి. కానీ మర్నాడు లేబర్ నాయకుడు జెరెమీ కార్బిన్ పెట్టిన అవిశ్వాస తీర్మానం 306-325తో వీగిపోయింది. ఒప్పందాన్ని ఓడించినవాళ్లే ప్రభుత్వాన్ని నిలబెట్టారు. మార్చి 12న రెండో ప్రయత్నం 242-391. మూడోసారి పెడదామంటే స్పీకర్ జాన్ బెర్కో అడ్డుకున్నారు. ఒకే సమావేశాల్లో అదే ప్రశ్నను మళ్లీ మళ్లీ అడగకూడదన్నది 1604 నాటి సంప్రదాయం. అందుకే మార్చి 29న, ఒప్పందంతో పాటు ఉన్న ఈయూతో భవిష్యత్ సంబంధాల ప్రకటనను విడదీసి, ఉపసంహరణ ఒప్పందం ఒక్కదాన్నే ఓటింగుకు పెట్టారు. 286-344.

ఈ మూడో ఓటు అంకెలు నిదానంగా చూడండి, ప్రతిష్టంభన మొత్తం అందులోనే ఉంది. వ్యతిరేకించిన కన్జర్వేటివ్‌లు 34 మంది. వాళ్లలో 28 మంది గట్టి బ్రెగ్జిట్‌వాదులు, ఆరుగురు రెండో రెఫరెండం కోరేవారు. ఒప్పందం గెలిస్తే తాను తప్పుకుంటానని మే రెండు రోజుల ముందే చెప్పేశారు, అయినా ఈ 28 మంది కదల్లేదు. ఒకవేళ వాళ్లంతా కదిలి ఉంటే? 314-316, అప్పటికీ రెండు ఓట్లతో ఓటమే. డీయూపీ పదిమంది కూడా వస్తేనే 324-306 అవుతుంది. డీయూపీ రావాలంటే బ్యాక్‌స్టాప్ పోవాలి, అది పోతే ఈయూ సంతకం పెట్టదు. లేబర్ నుంచి అనుకూలంగా వచ్చిన ఓట్లు ఐదే. సొంత పార్టీని బుజ్జగిస్తే చాలదని, అవతలి పక్షంతో రాజీ తప్పదని ఈ లెక్క ముందునుంచీ చెబుతూనే ఉంది. మే లేబర్‌తో చర్చలు మొదలుపెట్టింది ఏప్రిల్‌లో, అవి మే 17న విఫలమయ్యాయి. 2017 జూన్‌లో మెజారిటీ పోయిన వారంలోనే ఆ పని చేసి ఉండాల్సింది.

సభ తనకు తానే దారి వెతుక్కోలేదా అంటే, వెతుక్కుంది. అక్కడ రోజువారీ ఎజెండా ప్రభుత్వానిది. 14వ స్టాండింగ్ ఆర్డర్ ప్రకారం ప్రభుత్వ కార్యక్రమాలకే ప్రాధాన్యం. మార్చి 25న కన్జర్వేటివ్ ఎంపీ ఆలివర్ లెట్విన్ సవరణ 329-302తో గెలిచి, ఒక రోజు ఎజెండాను ఎంపీల చేతికి తెచ్చింది. మార్చి 27న ఎనిమిది ప్రత్యామ్నాయాల మీద కాగితం మీద ఓట్లు తీసుకున్నారు. ఎనిమిదీ ఓడాయి. ఏప్రిల్ 1న మళ్లీ నాలుగింటి మీద ఓటింగ్. కస్టమ్స్ యూనియన్ ప్రతిపాదన 273-276, కేవలం మూడు ఓట్లు తక్కువ. ఒప్పందం మీద ప్రజామోద రెఫరెండం 280-292. సింగిల్ మార్కెట్‌ను కూడా కలిపిన ప్రతిపాదన 261-282.

ఇందులో లోపం పద్ధతిది. ప్రతి ప్రతిపాదననూ విడిగా అవునా కాదా అని అడిగారు. అలా అడిగితే తన మొదటి ఎంపిక ఇంకా బతికే ఉందనుకునే ఎంపీ రెండో ఎంపికకు వద్దనే ఓటేస్తాడు, లేదా ఊరుకుంటాడు. రెఫరెండం కోరేవారిలో కొందరు కస్టమ్స్ యూనియన్‌ను గెలిపించలేదు, కస్టమ్స్ యూనియన్ కోరేవారిలో కొందరు రెఫరెండాన్ని గెలిపించలేదు. 1, 2, 3 అని ప్రాధాన్యక్రమం రాయించి, తక్కువ వచ్చినదాన్ని తీసేస్తూ పోయి ఉంటే ఏదో ఒకటి మిగిలేది. సభ మనసు తెలుసుకోవడానికే పెట్టిన ఓటింగులో కూడా మంత్రివర్గం పాల్గొనలేదు. రాజీకి అందరికన్నా ఎక్కువ తిరిగిన నిక్ బోల్స్ ఆ రాత్రి ఫలితం ప్రకటించగానే సభలోనే లేచి కన్జర్వేటివ్ పార్టీని వదిలేస్తున్నానని ప్రకటించారు. ఇంత చేసినా ఒక పని మాత్రం సభ సాధించింది. పొడిగింపు కోరమని ప్రధానిని ఆదేశించే కూపర్-లెట్విన్ బిల్లు ఏప్రిల్ 3న 313-312తో, ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. ఈయూ నాయకులు గడువును అక్టోబరు 31కి జరిపారు.

రెండో రెఫరెండం గురించి: అది ఒక తీర్మానంతో అయ్యే పని కాదు. దానికి ప్రత్యేక చట్టం కావాలి. ఖర్చుకు అనుమతించే తీర్మానాన్ని మంత్రి మాత్రమే పెట్టగలరు, కాబట్టి ప్రభుత్వం ఇష్టపడకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ప్రశ్న మాటలను ఎన్నికల సంఘం పరీక్షించాలి, ఆపైన ప్రచారానికి చట్టబద్ధంగా పది వారాలు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లోని కాన్‌స్టిట్యూషన్ యూనిట్ అంచనా ప్రకారం కనీసం 22 వారాలు పడుతుంది. బ్యాలెట్ మీద ఏం ఉండాలన్నది అన్నిటికన్నా పెద్ద తగవు. మే ఒప్పందమా ఈయూలో ఉండటమా అని రెండే పెడితే, ఒప్పందం లేకుండా వెళ్దామనేవారికి చోటు లేదు. మూడూ పెడితే ఓట్లు ఎలా లెక్కించాలన్న దానిమీదే ఏకాభిప్రాయం లేదు. 2016లో 51.9-48.1గా చీలిన దేశంలో మళ్లీ అంతే దగ్గరగా ఫలితం వస్తే దేన్ని నమ్మాలి అన్న ప్రశ్నకూ ఎవరి దగ్గరా జవాబు లేదు.

మరి ప్రధాని సభను రద్దు చేసి ఎన్నికలకు వెళ్లొచ్చు కదా? ఇదే నాకు మొత్తం కథలో అతి తక్కువ మంది గమనించే మలుపు. 1993 జులై 22న, ఈయూను ఏర్పరిచిన మాస్ట్రిక్ట్ ఒడంబడిక మీద అప్పటి ప్రధాని జాన్ మేజర్ సభలో ఓడిపోయారు. మర్నాడు దాన్నే విశ్వాస పరీక్షగా మార్చారు, ఓడితే ఎన్నికలే అన్నారు. తిరుగుబాటుదారులు దిగొచ్చారు. మేకి ఆ ఆయుధం లేదు. 2011 నాటి ఫిక్స్‌డ్ టర్మ్ పార్లమెంట్స్ చట్టం (అది 2022లో రద్దయింది) ప్రకారం ముందస్తు ఎన్నికలకు మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు, అంటే 434 ఓట్లు కావాలి. లేదంటే చట్టంలో రాసిన మాటలతోనే అవిశ్వాసం గెలవాలి, ఆపైన 14 రోజులు ఆగాలి. ఒప్పందాన్ని ప్రభుత్వ మనుగడతో ముడిపెట్టే దారి మూసుకుపోయింది. ప్రభుత్వం పాలించలేదు, దిగిపోదు, ఎన్నికలూ పెట్టలేదు.

మే తప్పుకున్నాక జులై 24న ప్రధానిగా వచ్చిన బోరిస్ జాన్సన్ ముందు బలప్రయోగం చేసి చూశారు. సెప్టెంబరు 9 రాత్రి నుంచి ఐదు వారాలు పార్లమెంటును ప్రొరోగ్ చేయించారు, అంటే సమావేశాలు ఆపించారు. 24న సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అది చెల్లదన్నారు. ఈలోగా సభ బెన్ చట్టం చేసింది: అక్టోబరు 19లోపు సభ ఒప్పందాన్నో, ఒప్పందం లేని నిష్క్రమణనో ఆమోదించకపోతే ప్రధాని 2020 జనవరి 31 దాకా పొడిగింపు అడిగి తీరాలి. ఎన్నికల కోసం జాన్సన్ మూడుసార్లు అడిగినా 434 రాలేదు. ప్రతిపక్షం లెక్క సరైనదే. ఎన్నికల కోసం సభ రద్దయితే అక్టోబరు 31 దాటిపోయి, ఒప్పందం లేకుండా బయటపడతామన్నది వాళ్ల భయం.

అక్టోబరు 17న జాన్సన్ తెచ్చిన ఒప్పందంలో చాలా భాగం మే ఒప్పందమే. మార్చింది ఐర్లాండ్ భాగం. గ్రేట్ బ్రిటన్, అంటే ఉత్తర ఐర్లాండ్ పోను మిగతా దేశం, పూర్తిగా బయటికి వస్తుంది, ఉత్తర ఐర్లాండ్ మాత్రం ఈయూ సరుకుల నియమాలు, కస్టమ్స్ పద్ధతి పాటిస్తుంది. తనిఖీలు భూమ్మీద నుంచి సముద్రం మీదికి వెళ్లాయి. మూడు మాటల్లో డీయూపీకి ఇచ్చినదాన్ని వదిలేశారు. మే చేయలేనిది ఇదొక్కటే, ఎందుకంటే ఆమె ప్రభుత్వం ఆ పది ఓట్ల మీదే నిలబడి ఉంది. సెప్టెంబరుకల్లా జాన్సన్‌కు ఎటూ మెజారిటీ లేదు కాబట్టి ఆ పది ఓట్లకు పాత విలువ పోయింది. గట్టి బ్రెగ్జిట్‌వాదులు ఈసారి అనుకూలంగా ఓటేశారు. అంతకాలం బ్రిటన్ ఐక్యత గురించి వాళ్లు మాట్లాడిన మాటల బరువెంతో ఆ ఓటుతో తేలింది.

అయినా 19న లెట్విన్ మరో సవరణ గెలిచింది, 322-306: అమలు చట్టం పూర్తయ్యేదాకా ఆమోదం ఆపుతాం అని. సూటిగా ఆమోదిస్తే బెన్ చట్టం బాధ్యత తీరిపోతుంది, ఆపైన బిల్లు ఎక్కడైనా చిక్కుకుంటే 31న ఒప్పందం లేకుండానే బయటపడతారు. ఆ కంత మూయడానికే ఆ సవరణ. 22న బిల్లు రెండో దశ 329-299తో దాటింది, 19 మంది లేబర్ ఎంపీలు కలిశారు. మొదటిసారి ఒక నిష్క్రమణ ఒప్పందానికి సభలో మెజారిటీ కనిపించింది. కానీ 110 పేజీల బిల్లును మూడు రోజుల్లో ముగించే టైంటేబుల్‌ను అదే సాయంత్రం 308-322తో ఓడించారు. జాన్సన్ బిల్లును పక్కన పెట్టి, మామూలు మెజారిటీతో ఎన్నికలు జరిపే చిన్న చట్టం తెచ్చారు. ఈయూ జనవరి 31 దాకా పొడిగించింది కాబట్టి ప్రతిపక్షం భయం తీరింది, 438-20తో గెలిచింది.

డిసెంబరు 12న కన్జర్వేటివ్‌లకు 365 సీట్లు, 80 మెజారిటీ. జనం మనసు పెద్దగా మారి ముడి విడిందనుకుంటే పొరపాటు. వాళ్ల ఓటు 43.6 శాతం, 2017 కన్నా ఒక శాతానికి కాస్త పైన మాత్రమే పెరిగింది. బ్రెగ్జిట్ పార్టీ 2017లో కన్జర్వేటివ్‌లు గెలిచిన 317 స్థానాల్లో పోటీ నుంచి తప్పుకుంది, అవతలివైపు లేబర్, లిబరల్ డెమొక్రాట్లు, స్కాటిష్ నేషనల్ పార్టీ ఒకరితో ఒకరు పోటీపడ్డారు. ఒకవైపు ఓటు ఒకచోట చేరింది, రెండోవైపు ఓటు చీలింది. కొత్త సభలో బిల్లు 358-234తో సాగిపోయి, 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకు బ్రిటన్ బయటికొచ్చింది.

సరిహద్దు చిక్కు మాత్రం చోటు మారిందే తప్ప తీరలేదు. సముద్రం మీద తనిఖీలకు నిరసనగా డీయూపీ 2022 ఫిబ్రవరి నుంచి రెండేళ్లు బెల్‌ఫాస్ట్‌లోని ప్రాంతీయ ప్రభుత్వాన్ని నడవనివ్వలేదు. 2023 ఫిబ్రవరి 27న కుదిరిన విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ ఉత్తర ఐర్లాండ్‌లోనే ఉండిపోయే సరుకుకు తనిఖీలు తగ్గించింది. ఆ ఏర్పాటు కొనసాగాలా వద్దా అని అక్కడి అసెంబ్లీ 2024 డిసెంబరు 10న ఓటేసింది, 48-36తో కొనసాగించింది. బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులు ఒప్పుకోకుండా వచ్చిన ఆమోదం కాబట్టి అది నాలుగేళ్లకే చెల్లుతుంది. అదే ప్రశ్న మీద తర్వాతి ఓటు 2028లో.